డ్రిఫ్టు పెడితే సబ్బు అంటారు, తీసేస్తే రైలు అంటారు: పాతకాలపు కారు పందెం ఆటలో బండిని ఎలా తిప్పాలి?

కావలి_అంబాసిడర్
ఏడు నెలలుగా రాత్రి భోజనాల తరువాత కూర్చొని ఒక చిన్న కారు పందెం ఆట రాస్తున్నాను. 1980ల నాటి ఆర్కేడ్ ఆటల తీరులో వెనుకనుంచి కనిపించే కారు, దూరాన ఒక చుక్కలో కలిసిపోయే రోడ్డు ఉంటాయి. ఆ ఆటల్లో ఈతచెట్టులాంటి విదేశీ చెట్లుండేవి, నేను తాటిచెట్లు పెట్టాను. కారు పాత అంబాసిడర్. మొదటి దారి కావలి నుంచి రామాయపట్నం ఒడ్డుదాకా, రెండో దారి రొయ్యల గుంటల కట్టల మీదుగా సాగుతుంది. బొమ్మలన్నీ నేనే గీశాను. కారుకు నేరుగా ఒకటి, ఎడమకు రెండు, కుడికి రెండు, మొత్తం ఐదు కోణాలు.
పోయిన ఆదివారం ఇద్దరికి పంపి ఆడించాను. నెల్లూరులో ఉన్న మిత్రుడు "ఇది కారు కాదు, రైలు, మలుపులో జారడమే లేదు, డ్రిఫ్టు బటను ఎందుకు పెట్టావు?" అన్నాడు. ఒంగోలులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు "సబ్బు రాసిన నాపరాయి మీద నిలబడినట్టుంది, మొదటి మలుపులోనే రొయ్యల గుంటలో పడ్డాను" అన్నాడు. ఇద్దరికీ పంపింది ఒకే ఫైలు. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను. ఈ తరహా ఆటకు డ్రిఫ్టు, అంటే మలుపులో కావాలనే బండి తోకను జార్చి తిప్పడం, అవసరమా? అవసరమైతే బ్రేకుకే ముడిపెట్టాలా, వేరే బటను ఇవ్వాలా?

రోడ్‌ఫైటర్_క్యాసెట్
అవసరం లేదు. మా తరమంతా 1984 నాటి కొనామీ వారి రోడ్ ఫైటర్‌ను నల్ల డబ్బాలో పసుపు క్యాసెట్ గుచ్చి ఆడింది. ఒక బటను మామూలు వేగానికి, ఇంకొకటి పూర్తి వేగానికి. మీటరు 400 కిలోమీటర్లదాకా పోయేది. అందులో కారు జారేది ఇంకో బండికి తగిలినప్పుడో, రోడ్డు మీది నూనె మరక తొక్కినప్పుడో మాత్రమే. జారడం అనేది అప్పట్లో శిక్ష. దాన్ని నైపుణ్యమని చెప్పుకొని పాయింట్లు ఇవ్వడం తరువాత వచ్చిన వింత.

కారందోసె
అంబాసిడర్ డ్రిఫ్టు చేస్తే డిక్కీలోని వడ్ల బస్తా ఏ కాలువలో పడుతుందో కూడా లెక్క వేసి చూపించాలని నా మనవి.

మైపాడు_అల
రోడ్‌ఫైటర్ గారు చెప్పినది పైనుంచి చూసే ఆట గురించి. కావలి తమ్ముడు రాస్తున్నది వెనుకనుంచి చూసే ఆట కాబట్టి పోలిక 1986 నాటి సెగా వారి అవుట్‌రన్‌తో పెట్టాలి. యు సుజుకి రూపొందించిన ఆ ఆటలో డ్రిఫ్టు అనే మాటే లేదు. గేర్లు రెండే, లో, హై. మలుపు వచ్చినప్పుడు కారు తనంతట తాను బయటి అంచువైపు కొట్టుకుపోతుంది. వేగం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా పోతుంది. ఆటగాడి పని దానికి ఎదురు పట్టడం, చాలకపోతే యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీయడం. ఈ ఒక్క నియమంతోనే ఆట మొత్తం నడిచింది, ఎందుకంటే అసలు పోటీ గడియారంతోను, ఎదురయ్యే లారీలతోను. రోడ్డు చీలే ప్రతి చోటా ఎడమకో కుడికో తేల్చుకుంటూ పోతే చివరికి ఐదు గమ్యాల్లో ఒకటి వస్తుంది. మలుపు అక్కడ పరీక్ష కాదు, ప్రయాణంలో ఒక ఊపు. తమ్ముడి ఆటలో సముద్రపు గాలి ముఖ్యమైతే డ్రిఫ్టు తీసేయడమే మేలు.

పెన్నా_గట్టు
ఊపు అన్న మాటతో ఏకీభవిస్తాను గాని, ఆ ఊపు డ్రిఫ్టుతోనే ఎక్కువ వస్తుందని నా వాదన. 1993లో నామ్‌కో వారు ఆర్కేడ్‌లో దించిన రిడ్జ్ రేసర్‌ను చూడండి. యాక్సిలరేటరు ఒక్క క్షణం వదిలి, స్టీరింగు మలుపులోకి తిప్పి, మళ్ళీ యాక్సిలరేటరు నొక్కితే కారు తోక విసురుతుంది. అక్కడినుంచి ఆట మీ చెయ్యి పట్టుకొని నడిపిస్తుంది. కారు ముక్కు ఎటు ఉన్నా, అది రోడ్డు వంపు వెంటే పోతుంది. బయటికి వచ్చేసరికి ముక్కు రోడ్డు దిశకు సర్దుకుంటుంది. వేగం పెద్దగా తగ్గదు. భౌతికశాస్త్రం ప్రకారం అది పచ్చి అబద్ధం. కాని ఆ అబద్ధం చెప్పే క్షణాన్ని ఆటగాడే ఎంచుకుంటాడు, అందులోనే రుచి ఉంది. ముందే వదిలితే లోపలి గోడకు రాసుకుంటాం, ఆలస్యంగా వదిలితే బయటి గోడకు కొట్టుకుంటాం. అవుట్‌రన్‌లో మలుపు అంతటా కొంచెం కొంచెంగా చేసే పనిని రిడ్జ్ రేసర్ ఒక్క క్షణంలోకి కుదించింది.

రోడ్‌ఫైటర్_క్యాసెట్
ఆటే నడిపిస్తుంటే ఆడేవాడు ఎందుకు?

పెన్నా_గట్టు
తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కినవాడు తానే తిప్పుతున్నాడా అన్నా?

దోర్నాల_మలుపు
మా నాన్నగారు ఇరవై రెండు సంవత్సరాలు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మీద బస్సు నడిపారు. చిన్నప్పుడు డ్రైవరు వెనుక సీటులో కూర్చొని చూసేదాన్ని. ప్రతి మలుపుకు ముందే, నేరు రోడ్డు మీద ఉండగానే వేగం తగ్గించి, గేరు దించి, హారన్ కొట్టి, మలుపు సగం దాటాక మెల్లగా యాక్సిలరేటరు నొక్కేవారు. మలుపు మధ్యలో బ్రేకు తొక్కడమనేది ఆయన దృష్టిలో నేరం. వేగం రెండింతలైతే బండిని బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుందన్న సూత్రం ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు గాని ఆయన కాలికి తెలుసు.
ఈ ఆటలన్నీ ఆడేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. తారు రోడ్డు మీద వెనుక చక్రాలు విసిరేంతగా జారిన బండి, జారకుండా సరైన గీతలో తిరిగిన బండికంటె సాధారణంగా వెనుకబడుతుంది. టైరుకు అత్యధిక పట్టు కొద్ది డిగ్రీల జారుడు దగ్గరే ఉంటుంది. అది దాటితే పొగ ఎక్కువ, పని తక్కువ. కంకర మీద, మట్టి మీద లెక్క వేరు, అందుకే ర్యాలీ డ్రైవర్లు అక్కడ కావాలనే జారుస్తారు. జపాన్ కొండదారుల్లో కేయిచి త్సుచియాలాంటి డ్రైవర్లు పేరు తెచ్చిన డ్రిఫ్టు కూడా ప్రధానంగా చూడముచ్చట కోసం, గడియారం కోసం కాదు.

ఒంగోలు_గిత్త
ఆ సబ్బు అన్న పెద్దమ్మ కొడుకును నేనే. తమ్ముడు నా మాటను సగమే రాశాడు. డ్రిఫ్టు వద్దని నేను అనలేదు. రేగడి నేలలో వాన పడ్డాక ట్రాక్టరు తిప్పినవాడిని, జారుడు అంటే నాకు భయం లేదు. కాని ట్రాక్టరు ఎటు జారుతుందో కూర్చున్న చోటికి తెలుస్తుంది. ఈ అంబాసిడర్ జారడం మొదలైన తరువాత ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు.

కారందోసె
గిత్త గారూ, బండలాగుడు పందెంలో బండ కూడా జారుతుంది కదా, అక్కడ బటను ఎక్కడుంటుంది?

ఒంగోలు_గిత్త
చర్నాకోల చివర.

వేదాయపాళెం_టీచర్
మా ఇంట్లో ఇద్దరు పిల్లలతో మారియో కార్ట్ ఆడుతుంటాను కాబట్టి ఇంకో వైపునుంచి చెబుతాను. 1992 నాటి మొదటి ఆటలోనే రిమోటు పై అంచున ఉండే భుజం బటను నొక్కితే బండి చిన్న గెంతు వేసి జారుడులోకి దిగేది. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64లో ఆ జారుడుకు బహుమతి కలిపారు: జారుతూనే స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తే, బటను వదిలినప్పుడు చిన్న తోపుడు వస్తుంది. దానితో ఆట స్వభావమే మారిపోయింది. మలుపు అంటే వేగం పోగొట్టుకొనే చోటు అనుకున్నది వేగం సంపాదించే చోటు అయింది.
దాని ఫలితం 2005లో డీఎస్ అనే చేతి పరికరానికి వచ్చిన మారియో కార్ట్‌లో బయటపడింది. గట్టి ఆటగాళ్ళు నేరుగా ఉన్న రోడ్డులో కూడా ఎడమకు ఒకటి, కుడికి ఒకటి డ్రిఫ్టు వేస్తూ పాములాగ మెలికలు తిరుగుతూ పోయేవారు. ఎంత చక్కని దారి గీసినా వాళ్ళకు అది మెలికల దారే. 2008లో వీ (Wii) అనే టీవీ పరికరానికి వచ్చిన ఆటలో తోపుడును స్టీరింగు ఆడించడంతో కాక జారిన సమయంతో ముడిపెట్టాక ఆ పాము నడక చాలావరకు తగ్గింది. కావలి బాబు బహుమతి పెట్టేటట్టయితే, దారి గీసిన తరువాత కాక దారి గీయకముందే నిర్ణయించుకోవాలి.

కావలి_అంబాసిడర్
టీచర్ గారూ, నేను మూడు దారులు గీసేసిన తరువాత ఇది చదువుతున్నాను. గుంటల కట్ట మీద దారి వెడల్పు కారుకు రెండింతలే ఉంది. అక్కడ డ్రిఫ్టు వేస్తే ముక్కు ఒక గుంటలోను, తోక ఇంకో గుంటలోను ఉంటాయి.

మైపాడు_అల
నేను చెప్పేది అదే కదా. తీసేయండి.

కందుకూరు_కీబోర్డు
ఇంతమంది మాట్లాడినా చేతిలో ఉన్న పరికరం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్కేడ్ యంత్రానికి స్టీరింగు, పెడళ్ళు ఉండేవి. చక్రాన్ని పావు తిప్పవచ్చు, సగం తిప్పవచ్చు. కాలిని కొంచెం ఎత్తవచ్చు. అందుకే అక్కడ డ్రిఫ్టు కాలినుంచి పుట్టింది. రిడ్జ్ రేసర్‌లో యాక్సిలరేటరు వదలడం, డేటోనా యూఎస్ఏలో చేత్తో గేరు దించడం, 2003 నాటి అవుట్‌రన్ 2లో వదిలి బ్రేకు తాకించి మళ్ళీ నొక్కడం, ఇవన్నీ నిజమైన డ్రైవరు కాళ్ళూ చేతులూ చేసే పనులకు దగ్గరి చుట్టాలు. అప్పటి ఇంటి వీడియో గేముకు ఉండేది బాణాల బిళ్ళ. అది నొక్కితే ఒకటి, వదిలితే సున్న. సగం తిప్పడం అనేది దానికి రాదు. మెల్లని మలుపుకు ఒక రకం తిప్పుడు, బిగుతు మలుపుకు ఇంకో రకం తిప్పుడు కావాలంటే రెండో బటను తప్పనిసరి. నా దృష్టిలో డ్రిఫ్టు బటను పుట్టుక సరదాతో కాదు, ఆ కొరతతో. అది నిజానికి స్టీరింగుకు రెండో గేరు.
కావలి తమ్ముడి ఆటను కీబోర్డు మీద ఆడతారు కాబట్టి వేరే బటను ఇవ్వాలని నా అభిప్రాయం. బాణం నొక్కగానే స్టీరింగు పూర్తిగా తిరిగిపోకుండా, పావు సెకనులో క్రమంగా తిరిగేటట్టు చేయడం దానికంటె ముందు చేయవలసిన పని.

రోడ్‌ఫైటర్_క్యాసెట్
పరికరం అంటే గుర్తొచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో గంటకు పది రూపాయలకు ఆడించే దుకాణం ఒకటి ఉండేది, పేరు వద్దు. అక్కడి రెండో నంబరు రిమోటుకు కుడి బాణం చచ్చిపోయింది. విప్పి చూస్తే లోపలి నల్ల రబ్బరు బొడిపె అరిగిపోయి ఉండేది; సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చిన్న ముక్క చించి అంటిస్తే రెండు రోజులు పని చేసేది. ఓనరు మాత్రం బాగుచేయించకుండానే పూర్తి డబ్బు వసూలు చేసేవాడు. ఆ రిమోటు వచ్చిన రోజు నేను ఎడమకు పోవడం, వేగం తగ్గించడం ఈ రెండింటితోనే ఆట ముగించడం నేర్చుకున్నాను. పరిమితి ఉంటేనే ఆట వస్తుంది.

కారందోసె
అన్నా, అది ఆట కాదు, ఆ ఓనరు మీద ప్రతీకారం.

బుచ్చి_ఫోను
ఫోనులో ఆడేవాళ్ళను లెక్కలోకి తీసుకోవడం లేదు. అద్దం మీద వేలు ఎక్కడుందో వేలికి తెలియదు. అందుకే ఫోను ఆటల్లో యాక్సిలరేటరు తనంతట తానే నొక్కి ఉంటుంది, మనకు మిగిలేది స్టీరింగు, బ్రేకు. ఆస్ఫాల్ట్ 8లో ఆ బ్రేకే డ్రిఫ్టు అయింది. 2018 నాటి ఆస్ఫాల్ట్ 9లో టచ్‌డ్రైవ్ అని పెట్టి స్టీరింగు కూడా తీసేసుకున్నారు. దారి ఎంచుకోవడం, డ్రిఫ్టు, ఒక్కసారిగా వేగం పెంచే నైట్రో, ఇవే మనకు మిగిలాయి. అన్నీ తీసేశాక కూడా డ్రిఫ్టును మాత్రం ఆటగాడికే వదిలారంటే దాని విలువ అర్థం చేసుకోండి.

దోర్నాల_మలుపు
లేదా తక్కినవాటి విలువ వాళ్ళకు అర్థం కాలేదని అనుకోవచ్చు.

కందుకూరు_కీబోర్డు
ఒక అనుమానం. కావలి తమ్ముడూ, ఒకే ఫైలును ఒకరు రైలన్నారు, ఇంకొకరు సబ్బన్నారు. అభిరుచి తేడా కావచ్చు గాని ఇంత తేడా రాకూడదు. జారుడు లెక్క ఎలా రాశావు?

కావలి_అంబాసిడర్
కారు వేగాన్ని రెండుగా విడదీశాను: ముందుకు పోయే వేగం, పక్కకు పోయే వేగం. డ్రిఫ్టులో ఉన్నప్పుడు పక్కవేగాన్ని ప్రతి ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారి, 0.9తో గుణిస్తున్నాను. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్‌లో రాస్తున్నాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉంది.

కందుకూరు_కీబోర్డు
ప్రతి ఫ్రేముకా, స్థిరంగా సెకనుకు 60 సార్లు నడిచే భాగంలోనా?

కావలి_అంబాసిడర్
ప్రతి ఫ్రేముకు.

కందుకూరు_కీబోర్డు
గిత్త గారూ, మీ ల్యాప్‌టాప్ సెకనుకు ఎన్ని ఫ్రేములు చూపిస్తోంది? ఆ నెల్లూరు మిత్రుడిది కూడా కనుక్కోండి.

ఒంగోలు_గిత్త
మూల మీద అంకె 29కీ 31కీ మధ్య ఊగుతోంది. ఈ ల్యాప్‌టాప్ తొమ్మిదేళ్ళది, ఆట మొదలుపెట్టగానే ఫ్యాను వడ్ల మిషనులాగ మోగుతుంది.

కావలి_అంబాసిడర్
నెల్లూరు మిత్రుడికి ఫోను చేశాను. వాడిది కొత్త గేమింగ్ మానిటరు, సెకనుకు 144 అట. ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసి తల పట్టుకున్నాను.

కందుకూరు_కీబోర్డు
తక్కినవాళ్ళ కోసం విడమరచి చెబుతాను. సెకనులో ఆరో వంతు సమయం తీసుకోండి, మలుపులో ఒకసారి స్టీరింగు సర్దుకొనేంత సేపు. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి ఆ లోపల పది గుణకారాలు జరుగుతాయి, 0.9ని పదిసార్లు గుణిస్తే పక్కవేగంలో సుమారు 35 శాతం మిగులుతుంది. ఒంగోలులో 30 ఫ్రేములకు ఐదు గుణకారాలే, 59 శాతం మిగులుతుంది. నెల్లూరులో 144 ఫ్రేములకు ఇరవై నాలుగు గుణకారాలు, మిగిలేది 8 శాతం. ఒకే ఫైలు, ఒకే అంకె, మూడు వేరు వేరు కార్లు. రైలన్నవాడూ నిజమే చెప్పాడు, సబ్బన్నవాడూ నిజమే చెప్పాడు.
లెక్కను స్థిరమైన భాగంలోకి మార్చు, అక్కడ మామూలుగా సెకనుకు 60 సార్లే నడుస్తుంది. లేదా గడిచిన సమయాన్ని ఘాతంగా పెట్టి గుణించు.

కారందోసె
రెండు రోజులుగా మనం డ్రిఫ్టు తత్త్వం మీద పోట్లాడుకుంటున్నాం, తప్పు ఫ్యానుదా!

మైపాడు_అల
నా వాదన ఫ్యానుతో సంబంధం లేకుండా నిలబడుతుంది.

పెన్నా_గట్టు
నాదీ నిలబడుతుంది. అయితే ఇప్పుడు అసలు ప్రశ్న మిగిలింది: అందరికీ ఒకే కారు అయ్యాక ఆ అంకె 0.9 ఉండాలా, 0.95 ఉండాలా? దానికి సూత్రం లేదు. సెగా ర్యాలీలో తారు మీద ఒక పట్టు, మట్టి మీద ఇంకో పట్టు పెట్టారు. టెట్సుయా మిజుగుచి బృందం 1990ల నడుమ చేసిన పని అది. కారు అదే, కాలు అదే, కింద నేల మారినప్పుడల్లా చేతులు కొత్తగా నేర్చుకుంటాయి. తమ్ముడి మొదటి దారిలో తారు, ఒడ్డు దగ్గర ఇసుక ఉన్నాయి. కట్ట మీద ఎర్రమట్టి ఉంది. మూడింటికీ మూడు అంకెలు ఇవ్వవచ్చు. అప్పుడు డ్రిఫ్టు ఉండాలా వద్దా అన్న తగవు నేలే తీరుస్తుంది.

మైపాడు_అల
ఇది బాగుంది. ఇసుక మీద జారితే ఒప్పుకుంటాను.

బుచ్చి_ఫోను
బహుమతి ఉంటుందా, ఉండదా? హాట్‌షాట్ రేసింగ్‌లో జారినకొద్దీ, ముందు కారు వెనుక గాలిచాటున పోయినకొద్దీ బూస్టు నిండుతుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన స్లిప్‌స్ట్రీమ్ అనే ఆటలో బ్రేకు తాకించి జారుడులోకి దిగడం ఉంది, తప్పు చేస్తే ఐదు సెకన్లు వెనక్కి తిప్పుకొనే వీలు ఉంది. మరో బ్రెజిల్ ఆట హొరైజన్ చేజ్‌లో అయితే డ్రిఫ్టు బటనే లేదు, కారు బయటికి కొట్టుకుపోతుంటే పట్టుకోవడమే. మూడూ పాతకాలపు తీరువే, మూడు రకాలుగా తిరుగుతాయి.

వేదాయపాళెం_టీచర్
బహుమతి పెడితే చిన్నపిల్లలకు దారి ఉందా అని కూడా చూడాలి. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో రోడ్డు దిగకుండా కాపాడే స్మార్ట్ స్టీరింగు ఉంది, మా చిన్నదానికి అది పెట్టాను. అది పెట్టుకున్నవాళ్ళకు డ్రిఫ్టులోని మూడో దశ తోపుడు రాదు. ఆ సంగతి తెలిసిన రోజునుంచి అది తీసేయమని ఏడుస్తోంది, తీసేస్తే నీళ్ళలో పడుతోంది, పడుతూ నవ్వుతోంది.

దోర్నాల_మలుపు
కెమెరా గురించి ఒక్క మాట. ఐదు కోణాల బొమ్మలతో పెద్ద డ్రిఫ్టు చూపలేరు, బొమ్మ ఒక కోణంనుంచి ఇంకో కోణానికి టక్కున దూకుతుంది. పైగా ఇలాంటి ఆటల్లో రోడ్డు నిజంగా తిరగదు, తెర మీది అడ్డగీతలుగా గీసిన రోడ్డు గీత గీతగా పక్కకు జరుగుతుంది. కారు ముక్కు ఎటుందన్న లెక్క లోపల ఎక్కడా లేదు. కాబట్టి డ్రిఫ్టు అంటే బొమ్మ, పక్కవేగం, టైరు చప్పుడు, పొగ, ఈ నాలుగూ ఒకేసారి మొదలవడమే. బొమ్మ ముందు మారి జారుడు తరువాత వస్తే ఆటగాడికి మోసపోయినట్టుంటుంది.

కందుకూరు_కీబోర్డు
గీతల సంగతి మీకెలా తెలుసు?

దోర్నాల_మలుపు
మార్కాపురంలో పలకలు మాత్రమే తయారవుతాయనుకున్నారా? నేనూ కాలేజీలో ఇలాంటిది ఒకటి రాసి సగంలో వదిలేశాను. అందులో బస్సు ఉండేది.

రోడ్‌ఫైటర్_క్యాసెట్
బస్సు ఆట అయితే డ్రిఫ్టు లేకుండా ఆడతాను, దించండి.

కావలి_అంబాసిడర్
లెక్క మార్చి కొత్త ఫైలు మళ్ళీ అందరికీ పంపాను. తారుకు 0.88, ఎర్రమట్టికి 0.94, ఇసుకకు 0.96 పెట్టాను. డ్రిఫ్టుకు వేరే బటను, బహుమతి లేదు. కట్టను కారుకు మూడున్నర రెట్లు వెడల్పు చేశాను, అందుకోసం రెండు రొయ్యల గుంటలు పూడ్చాను. బొమ్మకు ఇంకో రెండు కోణాలు గీశాను, దానితో ఒక రాత్రి పోయింది. స్టీరింగు పావు సెకనులో తిరుగుతుంది.

ఒంగోలు_గిత్త
ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లోను, నెల్లూరులోను ఒకేలా జారుతోందని ఫోనులో సరిచూసుకున్నాం. కట్ట మీద మూడో మలుపు దగ్గర మాత్రం ఎర్రమట్టినుంచి తారుకు ఎక్కేటప్పుడు కారు ఒక్కసారిగా పట్టు దొరికి ఎదురు దిక్కుకు తన్నుతోంది. నిజంగా కూడా అలాగే తన్నుతుంది కాబట్టి ఉంచమని నా సలహా.

పెన్నా_గట్టు
ఉంచవద్దు. నిజంగా జరిగేది అంతా ఆటలోకి రానక్కరలేదు. పట్టును నాలుగైదు ఫ్రేములలో మెల్లగా పెంచు.

కందుకూరు_కీబోర్డు
ఫ్రేములలో కాదు, సెకన్లలో!

పెన్నా_గట్టు
తప్పు ఒప్పుకుంటున్నాను.

దోర్నాల_మలుపు
నిన్న సాయంత్రం మా నాన్నగారి ముందు ఆట పెట్టాను. కీబోర్డు మీద రెండు చూపుడు వేళ్ళు పెట్టి, పది నిమిషాలు ఆడారు. ప్రతి మలుపుకు ముందే వేగం తగ్గించారు, డ్రిఫ్టు బటనును ఒక్కసారి కూడా తాకలేదు, రోడ్డు ఒక్కసారి కూడా దిగలేదు, సమయం అయిపోయి ఆట ముగిసినప్పుడు మాత్రం "ఇంత తొందర ఎవరికి?" అన్నారు. తరువాత కీబోర్డు అంతా వెతికి, మలుపు దగ్గర హారన్ కొట్టడానికి బటను ఏదని అడిగారు.

కావలి_అంబాసిడర్
హారన్ పెట్టలేదండీ. మా వీధి చివర ఒక పాత అంబాసిడర్ ఉంది, ఓనరును అడిగి రేపు పొద్దున దాని మోత ఫోనులో రికార్డు చేసి తెస్తాను.

కారందోసె
డిక్కీలో బస్తా ఉందేమో కూడా చూసి రా.